ఇప్పలగూడెంలో ప్రసంగం లేని ఆదివారాలు

ములుగు అవతల అడవిలో ఒక పల్లె ఉందనీ, అక్కడ ఆదివారం ఆరాధనలో పాటలుంటాయి, ప్రార్థన ఉంటుంది, ప్రసంగం మాత్రం ఉండదనీ నాకు మొదట చెప్పింది మా ఊరి సువార్తమ్మక్క. ఆ పల్లెలో బోధకుడు ఆమె అల్లుడే. పేరు దేవసహాయం. తెనాలి దగ్గర పుట్టి పెరిగినవాడు. బోధకుల శిక్షణ పూర్తిచేసి, పెళ్లయిన ఏడాదే భార్య కరుణమ్మను తీసుకుని వరంగల్ జిల్లా అడవుల్లోకి వెళ్లిపోయాడు. వెళ్లేనాడు మా చర్చిలో అతను మాట్లాడిన మాటలకు మగవాళ్లు కూడా కండువాలతో కళ్లొత్తుకున్నారు. అలాంటివాడు వానాకాలం నుంచీ వేదిక ఎక్కడం మానేశాడట.

"ఎందుకక్కా?" అన్నాను.

"ఏమో తమ్ముడూ. అమ్మాయి చెప్పదు, అతను అసలే చెప్పడు. ఇక్కడ రైసుమిల్లులో గుమాస్తా పని చూడమన్నాడు, చూశాం. నెలాఖరుకు వచ్చి చేరమన్నారు. నువ్వొకసారి వెళ్లిరా. నీ మాట వింటాడు. వినకపోతే ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చెయ్."

ముప్పయ్యేళ్లుగా ప్రసంగాలు చేస్తున్నవాణ్ణి. చతికిలబడిన బోధకుల్ని లేపి నిలబెట్టడం నాకు కొత్త కాదు. జీతం చాలక మానేస్తానన్నవాణ్ణి గదమాయించాను, సంఘ పెద్దలతో పడక అలిగినవాణ్ణి బుజ్జగించాను. దేవసహాయాన్ని కూడా లేపుతానన్న నమ్మకంతోనే సంచి సర్దుకున్నాను. అందులో రెండు పంచెలు, బాగా చెప్పగలనని పేరున్న నా ప్రసంగాలు కొన్ని, సువార్తమ్మక్క కూతురికి పంపిన గోంగూర పచ్చడి జాడీ.

రైలులో జ్వరం

బెజవాడ దాటాక ఖమ్మం వరకూ నాకేమీ తేడా అనిపించలేదు. ఆ తర్వాత వరిచేలు పలచబడ్డాయి. జొన్న, మిరప, మధ్య మధ్య ఏనుగుల్లా కూర్చున్న నల్లటి బండలు. చేలతో పాటే మాటా మారింది. మానుకోటలో ఒకామె నెత్తిన గంపతో పెట్టెలోకి ఎక్కి, నా ముందు నిలబడి, "జర జరుగు పెద్దయ్యా" అంది.

మా వైపు జరమంటే జ్వరం. "అయ్యో, ఎవరికమ్మా?" అన్నాను కంగారుగా.

పెట్టెలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆమె నవ్వాపుకుంటూ గంప దించి, "నాకేం జరం లేదయ్యా, కొంచెం జరగమంటాన" అంది. జరిగాను. ఆ పరిచయంతో గంపలోంచి రెండు సీతాఫలాలు తీసి చేతిలో పెట్టింది. మా వైపు తోటల్లో పెంచే పండు ఇక్కడ గుట్టల మీద దానంతటదే పండుతుందట. పరిమాణం చిన్నది, తీపి ఎక్కువ.

ఖాసిం భాయి గుర్రం

వరంగల్ పెద్ద ఊరు. స్టేషను బయటికి రాగానే పత్తి బస్తాల బండ్లు, ధాన్యం బస్తాల లారీలు, సైకిలు రిక్షాలు. బట్టల మిల్లు కూత వినిపిస్తే జనం కొట్ల గడియారాలు సరిచేసుకుంటున్నారు. మా జట్కాను ఇక్కడ టాంగా అంటారు. హనుమకొండలో బస్సులు ఆగే చోటికి ఒక టాంగా మాట్లాడుకున్నాను. ఎనిమిదణాలన్నాడు. నయాపైసలు వచ్చి కొన్నేళ్లయినా నోళ్లలో ఇంకా అణాలే. ఆ మాటకొస్తే మా ఊళ్లోనూ అంతే.

టాంగా ఆయన పేరు ఖాసిం భాయి. తెల్లగడ్డం, గళ్ల లుంగీ. "ఏం పని జేస్తరు సాబ్?" అని అడిగాడు. దేవుని మాట చెప్పే పని అన్నాను.

"అచ్ఛా! పాదిరీ సాబా?" అంటూ కళ్లెం లాగి బండి ఆపేశాడు. "అయితే జర నా గుర్రానికి దువా జెయ్యుండ్రి. మొన్నటిసంది కాలు గుంజుతాంది."

"గుర్రానికా?"

"ఏం సాబ్, గుర్రాన్ని జేసింది గూడ దేవుడే గదా."

నడిబజారులో దిగి, గుర్రం మెడ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. చుట్టూ పదిమంది పోగయ్యారు. చివర నేను ఆమెన్ అన్నాను, ఖాసిం భాయి ఆమీన్ అన్నాడు. రెండూ కలిసి ఒకే మాటలా వినిపించాయి. గుర్రం మాత్రం అలాగే కుంటింది. ఎత్తు వచ్చినచోట ఖాసిం భాయి దిగి దాని పక్కన నడిచాడు. అది చూసి నేను పైన కూర్చోలేక దిగి నడిచాను. అలా నడుస్తూ ఆయన తన ముగ్గురు కూతుళ్ల గురించి, నేను నా ఇద్దరు కొడుకుల గురించి చెప్పుకున్నాం. దారి తెలియలేదు.

హనుమకొండలో చల్లటి పులుసు

బస్సుకు చాలా టైముందంటే భోజనం హోటలు వెతుక్కున్నాను. విస్తరి నిండా అన్నం, వంకాయ కూర, పప్పు, ఒక గిన్నెలో పులుసు. ధర డెబ్భై అయిదు నయాపైసలని గోడ మీద రాసి ఉంది. గల్లాపెట్టె దగ్గరాయన పన్నెండణాలనే అన్నాడు. పులుసు ముట్టుకుంటే చల్లగా ఉంది. పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు తేలుతున్నాయి. మరిగించడం మర్చిపోయారనుకుని, "అమ్మా, ఇది కాస్త పొయ్యి మీద పెట్టి తెండి" అన్నాను.

వడ్డించే ఆమె నన్నూ గిన్నెనూ మార్చి మార్చి చూసింది. "గది పచ్చిపులుసయ్యా. పొయ్యి మీద వెడ్తె పాడైతది. ముందుగాల తిని సూడు."

తిన్నాను. చింతపండు రసంలో కాల్చిన మిరపకాయ నలిపి వేసినట్టుంది. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చేత చేయించబోతే, పులుసు కాచకుండా పెడితే నలుగురూ నవ్వుతారని ఒప్పుకోలేదు.

ములుగు బస్సు

బస్సు ఆత్మకూరు దాటాక చేలు అయిపోయి చెట్లు మొదలయ్యాయి. ఒక వాగు దగ్గర ఇంజను వేడెక్కి ఆగిపోయింది. నీళ్లు పోసి చల్లారేదాకా అందరం దిగి రోడ్డు పక్కన కూర్చున్నాం. నా పక్కన కూర్చున్నాయన పేరు రాజలింగం. అడవి పల్లెల్లో తేనె, చింతపండు, ఇప్పపువ్వు కొని ములుగులో అమ్ముతాడు. నేను పోయేది ఇప్పలగూడెమని తెలిసి ముఖమంతా విప్పారింది.

"మాట్లాడని అయ్యగారి దగ్గరికా? మంచోడు. కిందటేడు నాకు పాము గుట్టినప్పుడు నన్ను బండిల ఏసుకోని ములుగు దవాఖానకు తెచ్చిండు. గిప్పుడు గూడ ఎవలకన్న పాణం బాగలేకపోతె ముందుగాల ఉరికేది ఆయనే. గని దేవుని మాట మాత్రం ఎత్తడు."

"ఎందుకు ఎత్తడు?"

"అడుగకు సాబ్. అడిగితె లేసి బయటికి పోతడు."

బోధకుడు పని మానేశాడని విన్నాను. ఈయన మాట ప్రకారం పనంతా చేస్తూనే ఉన్నాడు. నోరు మాత్రం విప్పడం లేదు. ఇలాంటి వ్యాధి నేను ముందెప్పుడూ చూడలేదు. అయినా నా ధైర్యం తగ్గలేదు. సంచిలో మందు ఉందనే అనుకున్నాను.

ఇప్పలగూడెం

ములుగులో దేవసహాయం ఎడ్లబండితో ఎదురుచూస్తున్నాడు. మనిషి చిక్కాడు, నల్లబడ్డాడు. నన్ను చూసి గబగబా వచ్చి సంచి అందుకుని, "అలిసిపోయారా మావయ్యగారూ?" అన్నాడు. బండిలో గడ్డి పరిచి నన్ను కూర్చోబెట్టాడు. దారి పొడవునా చెట్ల పేర్లు చెప్పాడు, ఎలుగుబంటి తిరిగే గుట్ట చూపించాడు. పల్లెకు ముందొక వాగు. ఆ రోజు మోకాలి లోతు నీళ్లే ఉన్నాయి. అది దాటేటప్పుడు మాత్రం అతను మాటాపి ఎడ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

పల్లెలో మట్టిగోడల ఇళ్లు, ఎర్రమట్టితో అలికిన వాకిళ్లు. ఒక చివర వెదురు తడికలతో కట్టిన ప్రార్థన మందిరం, దాని పక్కన వీళ్లిల్లు. కరుణమ్మ ఒళ్లో నెలల పసిపాపతో గుమ్మంలోకి వచ్చింది. వీళ్లకు పిల్లలు లేరని నాకు తెలుసు.

"ఎవరమ్మా ఈ చిట్టితల్లి?"

"ఎల్లయ్య కూతురు మావయ్యా. మా సంఘంలో పాటలు పాడించేది ఆయనే. తల్లి లేదు. పగలంతా నా దగ్గరే ఉంటుంది, పొద్దుగూకాక ఎల్లయ్య వచ్చి తీసుకెళ్తాడు."

పాపకు మేకపాలు పడుతూనే నాకు వడ్డించింది. మొక్కజొన్న గటక. మా సంకటి లాంటిదే, కాస్త గరుకు. పక్కన నేను తెచ్చిన పచ్చడి. ఇక్కడివాళ్లు గోంగూరను పుంటికూర అంటారు. పేరు మారినా పుల్లదనం మారలేదు.

భోజనమయ్యాక దేవసహాయాన్ని వెంటబెట్టుకుని చేల గట్ల మీద నడిచాను. నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. విత్తినవాడే కోయాలని లేదన్నాను. పది మంది కోసమే నిలబడినవాళ్లున్నారన్నాను. నా మొదటి ఊళ్లో రెండేళ్లు నలుగురికే ప్రసంగించిన సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ నాకే ఉత్సాహం వచ్చింది. అతను అడ్డు రాకుండా, మర్యాదగా విన్నాడు.

"అవును మావయ్యగారూ. మీరు చెప్పింది నిజమే" అన్నాడు చివరికి. "నెలాఖరుకు వచ్చేస్తాం. మిల్లువాళ్లకు చెప్పండి."

జ్వరమొచ్చినవాడికి కట్టు కట్టినట్టయింది నా పని. జబ్బెక్కడుందో నాకు తెలియదు.

తిరిగి వచ్చాక కరుణమ్మను అడిగాను. ఆమె పాపను భుజం మీద జోకొడుతూ, "ఆయనే చెప్పాలి మావయ్యా. నేను చెబితే ఆయన్ని తప్పు పట్టినట్టుంటుంది" అంది. పాపను రెండో భుజం మీదికి మార్చుకుని, "రేపు ప్రసంగం మీరు చెయ్యండి. పాపం వీళ్లు ఇన్ని నెలలుగా పాటలు పాడి, ఊరికే కూర్చుని లేచిపోతున్నారు. ఒక్కరూ రావడం మానలేదు" అంది.

ఆ సాయంత్రం సమ్మక్క అనే ముసలామె సర్వపిండి చేసి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, లోతు గిన్నెలో గుండ్రంగా అద్ది కాలుస్తారు. తెలగపిండి కాబోలనుకుని కూరలో వేసుకుంటారా అని అడిగి మళ్లీ నవ్వులపాలయ్యాను. ఈ పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకుంది ఆమేనట. పేరెందుకు మార్చుకోలేదని అడిగాను. మా వైపు పాత పేరు తీసేసి కొత్తది పెట్టడం మామూలు.

"మార్సుకుందునయ్యా. గని రేపు పైలోకంల మా అవ్వ నన్నెట్ల గుర్తువడ్తది?" అంది.

ఆదివారం

మందిరం ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద కరుణమ్మ సుత్తితో కొట్టింది. ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. కంజీర, తాళాలు. పాటలు మా పాటలే, వరుసలు మాత్రం వీళ్లవి. నాట్లేసేటప్పుడు పాడుకునే తీరులో సాగదీసి పాడతారు. మా చర్చిలో హార్మోనియంతో పాడే పాట ఇక్కడ అడవిగాలి తగిలి వేరేగా వినిపించింది. దేవసహాయం వెనక వరుసలో తలవంచుకుని కూర్చున్నాడు. ఒక మనిషి లోపలికి రాకుండా చూరు కింద, గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పాప నిద్రపోతోంది. అతనే ఎల్లయ్యని గుర్తుపట్టాను. పాటలు పాడించేవాడు పాడటం లేదు.

నేను లేచాను. నా ప్రసంగాల్లో అన్నిటికంటే పేరున్నది ఎంచుకున్నాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. యేసు ఆలస్యంగా రావడం, సమాధి ముందు నిలబడి పిలవడం, చనిపోయినవాడు నడిచి రావడం. ఈ ప్రసంగం చేసినచోటల్లా జనం లేచి నిలబడ్డారు. మరణం మీద జయమని గొంతెత్తి ముగించేసరికి తడికల మీది పిచ్చుకలు లేచిపోయాయి. జనం మాత్రం కదలకుండా, మర్యాదగా నన్నే చూస్తున్నారు.

ముందు వరుసలోంచి సమ్మక్క అంది: "మంచిగ జెప్పినవయ్యా. గొంతు గూడ మంచిగున్నది. గని మాకేం సమజ్ గాలె."

చాపల మీద నవ్వులు పాకాయి. నేనూ నవ్వేశాను. నావన్నీ పుస్తకం మాటలు, దాని మీద గుంటూరు యాస. ఆమె వెనక్కి తిరిగింది.

"అయ్యా, గీ పెద్దయ్య ఏమన్నడో జర నువ్వు జెప్పు. నీ మాటైతె మాకు తెలుస్తది."

దేవసహాయం తలెత్తలేదు. "మావయ్యగారే మల్లొకసారి చెప్తరు, అవ్వా."

"ఆయన ఎన్నిసార్లు జెప్పినా గదే బాస గదా!"

మళ్లీ నవ్వులు. నేను చేత్తో రమ్మన్నాను. ఇంటికొచ్చిన పెద్దవాణ్ణి అవమానించినట్టవుతుందనుకున్నాడో ఏమో, లేచాడు. వేదిక దాకా రాలేదు. ఉన్నచోటే, వెనక వరుసలోనే నిలబడ్డాడు. జనమే అతని వైపు తిరిగి కూర్చున్నారు.

"ఒకూర్ల ఇద్దరు అక్కాచెల్లెండ్లుంటరు" అని మొదలుపెట్టాడు. "ఆళ్లకు ఒక్కడే తమ్ముడు. ఆ తమ్మునికి పాణం బాగలేదు. జల్ది రమ్మని యేసయ్యకు కబురు వెట్టిన్రు. ఆయన రాలె."

"వాగు అడ్డమొచ్చిందా అయ్యా?" అంది సమ్మక్క.

అతను ఉలిక్కిపడ్డాడు. "వాగు గాదవ్వా. ఆయనే ఆగిండు. ఎందుకాగిండో ఆళ్లకు తెల్వదు. ఆయనొచ్చేటాల్లకు తమ్ముడు సచ్చిపొయ్యిండు. అక్క ఎదురువొయ్యి అడిగింది. నువ్వు ముందుగాలనె వస్తె నా తమ్ముడు సచ్చునా, అని..."

అక్కడ ఆపేశాడు. చూరు కింద ఎల్లయ్య తలెత్తి చూశాడు. దేవసహాయం అతని వైపే తిరిగాడు.

"ఎల్లయ్యా, రాజమ్మ బతుకుతదని నేను జెప్పిన. ఆ వానల ఆమె జేయి వట్టుకోని, దేవుడు నిన్ను బతికిస్తడు బిడ్డా అని జెప్పిన. దేవుడు నాకు గట్ల జెప్పలె. నేనే జెప్పిన. ఆ నోటితోటి మల్ల దేవుని మాట ఎట్ల జెప్పాలె?"

అప్పటికి నాకు సంగతి తెలిసింది. తర్వాత కరుణమ్మ మిగతాది చెప్పింది. వానాకాలంలో ఎల్లయ్య భార్య రాజమ్మకు కాన్పు కష్టమైంది. ములుగు దవాఖానకు తీసుకుపోదామని మంచం మీద మోసుకొస్తే వాగు పొంగి ఉంది. గట్టు మీదే ఆపి, నీళ్లు తగ్గేదాకా కూర్చున్నారు. దేవసహాయం ఆమె చెయ్యి పట్టుకుని, భయపడొద్దు, తప్పకుండా బతుకుతావని పదేపదే చెప్పాడు. పాప పుట్టింది. నీళ్లు తగ్గకముందే రాజమ్మ పోయింది. ఆ మరుసటి ఆదివారం దేవసహాయం నోరు తెరవలేదు, ఎల్లయ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ ఇద్దరి ముందు నేను, ఏమీ తెలియకుండా, చచ్చినవాడు లేచిన కథ గొంతెత్తి చెప్పాను.

ఎల్లయ్య పాప నుదుటి మీద వాలిన ఈగను తోలాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"నువ్వు జెప్పినవని నేను నమ్మిన అయ్యా. నీ మీద నాకు కోపముండె. గిప్పుడు గూడ ఉన్నది."

"ఉంటది ఎల్లయ్యా."

"గని కత ఆపకు. ఆ అక్క అడిగింది గదా. దానికి ఆయనేమన్నడు?"

దేవసహాయం కళ్లు తుడుచుకున్నాడు. "పెద్దామెకు జవాబు జెప్పిండు. తమ్ముడు లేస్తడన్నడు. మల్ల చిన్నామె వచ్చి కాళ్ల మీద వడి గదే మాట అడిగింది. అప్పుడాయన... ఏడ్సిండు."

"దేవుడేడ్సిండా?" అంది సమ్మక్క.

"ఏడ్సిండవ్వా. లేపుతనని తెలిసి గూడ ముందుగాల ఏడ్సిండు. ఆళ్లతోని కలిసి ఏడ్సిండు."

నేను ముప్పయ్యేళ్లలో ఎన్నోసార్లు చెప్పిన కథ అది. ఆ ఏడుపును ఎప్పుడూ ఒక్క వాక్యంలో దాటేసి సమాధి దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. దేవసహాయం అక్కడే ఆగాడు. ఆగి, తనకు తెలిసింది చెప్పాడు.

"రాజమ్మను లేపుడు నా చేతుల లేదు. ఆయన చేతుల ఉన్నది. అదెప్పుడో నాకు తెల్వదు, తెలుసని ఇంకెన్నడు చెప్ప. ఆ దినం వాగు గట్టు మీద మనం ఏడ్సినప్పుడు ఆయన దూరంగ నిలవడి సూడలే. మనతోనే ఏడ్సిండు. గిది మాత్రం నాకు తెలుసు."

కంజీర పట్టుకున్నాయన దాన్ని నేల మీద పెట్టేశాడు. ఆడవాళ్ల వైపు నుంచి వెక్కిళ్లు వినిపించాయి. రాజమ్మ పోయాక ఈ పల్లె అంతా కలిసి ఏడ్చింది ఆ రోజేనేమో. ఎల్లయ్య పాపను భుజాన వేసుకుని లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను. గుమ్మం దాటి లోపలికి వచ్చి, వెనక చాప మీద, దేవసహాయం నిలబడ్డచోట అతని కాళ్ల పక్కనే కూర్చున్నాడు. దేవసహాయం ఒక చెయ్యి అతని భుజం మీద వేసి ముగింపు ప్రార్థన చేశాడు. చాలా చిన్న ప్రార్థన. అందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం అందరూ ఒకేచోట తిన్నారు. జొన్నరొట్టె, కోడికూర. మా వైపు బోధకుడికి వేరే పీట, వేరే విస్తరి ఉంటాయి. ఇక్కడ అయ్యగారు వడ్డించి చివర్లో తింటాడు. నాకూ ఒక గంటె చేతికిచ్చారు. నేను కూర వడ్డిస్తుంటే సమ్మక్క, "గిది మాత్రం మంచిగ సమజైతాంది పెద్దయ్యా" అంది.

ఈ రాత చదివేవాళ్లలో వేదిక ఎక్కడానికి కాళ్లు రాని తోటి బోధకులుంటారని నాకు తెలుసు. మీకు విశ్వాసం తగ్గిందని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. దేవసహాయానికి విశ్వాసం తగ్గలేదు. తన నోటి నుంచి వచ్చిన మాటకు విలువిచ్చేవాడు కాబట్టే అతని నోరు మూతబడింది. అలాంటి మనిషి మళ్లీ మాట్లాడితే జనం వింటారు. మీ ముందు కూర్చునేవాళ్లు మీరనుకున్నదానికంటే ఓపిక గలవాళ్లు. ఇప్పలగూడెంలో వాళ్లు ఖాళీ వేదిక ముందు అన్ని నెలలు కూర్చున్నారు, మానలేదు. మీరు తప్పు చెప్పి ఉంటే తప్పు చెప్పానని వాళ్లకే చెప్పండి. కోపం ఉందంటారు. ఆ తర్వాత మిగతా కథ అడుగుతారు.

తిరుగు బండి

సోమవారం పొద్దున్నే నన్ను ములుగు చేర్చడానికి ఎల్లయ్య బండి కట్టాడు. దేవసహాయం ములుగు దాకా వస్తానన్నాడు. మిల్లు సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ సువార్తమ్మక్కకు జవాబు చెప్పాల్సినవాణ్ణి నేను. బండెక్కే ముందు ఇక ఉండబట్టలేక, "మీ అత్తయ్యకు ఏం చెప్పమంటావు?" అని అడిగాను.

అతను నోరు తెరిచేలోపే ఇద్దరు మనుషులు వగర్చుకుంటూ వచ్చారు. వాగు అవతలి గూడెం వాళ్లు. వాళ్ల తండ్రికి ఆఖరి ఘడియలట, సంఘంలో వాళ్లు కూడా కాదు. "అయ్యగారు నిన్న మాట్లాడిండని తెలిసింది. మా నాయిన ఒక్కసారి రమ్మంటాండు" అన్నారు.

దేవసహాయం కండువా భుజాన వేసుకున్నాడు. "మావయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీరు ఎల్లయ్యతో వెళ్లండి" అన్నాడు. అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"అక్కడికెళ్లి ఆయనకేం చెబుతావు?" అన్నాను.

"తెలిసింది చెబుతాను మావయ్యగారూ. తెలియంది చెప్పను."

వెళ్లిపోయాడు. కరుణమ్మ పాపను ఎత్తుకుని బండి దాకా వచ్చింది. ఆమె ముఖంలో వెలుగు చూశాను. "అమ్మకు ఏం చెప్పాలో మీకు తెలిసిందిగా మావయ్యా. ఈసారి పచ్చడి జాడీ కాస్త పెద్దది పంపమనండి" అంది. ఇంటికి చేరి ఆ మాటే చెప్పాను. సువార్తమ్మక్క కొంచెం ఏడ్చింది, ఆ సాయంత్రమే మిల్లుకు కబురు పంపింది. వాళ్లు వేరే గుమాస్తాను పెట్టుకున్నారు.

ఆ పొద్దున మా బండి వాగు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ముగ్గురూ మాకంటే చాలా ముందు, నీళ్ల మధ్యలో ఉన్నారు. దేవసహాయం పంచె మోకాళ్ల పైకి కట్టుకుని, చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. అంత దూరానికి మాటలు వినిపించలేదు. అంత తొందరలో ఉన్న ఆ ఇద్దరూ నడక ఆపి, పారే నీళ్లలో నిలబడి వింటున్నారు.